మంచం కింద ఆయిల్

పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించడం, రాత్రి నానేసిన చిక్కుడు గింజల నీళ్లు పారబోయడం, ఇరవై ఎనిమిదేళ్లుగా డెల్ఫీనాకి ఇదే వరస. ఈ ఏడు ఈస్టరు ముందు వచ్చే తపసుకాలం మొదలైన దగ్గర్నించి ఆ రెంటికన్నా ముందు ఇంకో పని వచ్చిపడింది. కళ్లు తెరవగానే మొగుడు గురక పెడుతున్నాడో లేదో వింటుంది. పెడుతున్నాడని నమ్మకం కుదిరాక చప్పుడు కాకుండా దిగి, మోకాళ్ల మీద వంగి మంచం కింద చెయ్యి పెడుతుంది. చెయ్యి నల్లగా వస్తుంది. చింపి దాచుకున్న పాత దుప్పటి పీలికతో గచ్చంతా తుడుస్తుంది. తర్వాత సబ్బునీళ్లు. ఆ పీలికని ఖాళీ పిండి డబ్బాలో కుక్కి, మూత గట్టిగా బిగించి, అప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్తుంది.

ఎస్పానోలా లోయలో విప్పి బోరు చేసి బిగించిన ఇంజన్ ఏదైనా ఆయిల్ కారితే, పగలు కారింది కారు కిందే పడుతుంది. రాత్రి కారింది మాత్రం తెల్లారేసరికి ఎవరి చేతి తప్పో వాళ్ల మంచం కిందికి చేరుతుంది. షెడ్డు పెట్టుకున్నవాళ్లు పొద్దున లేస్తూనే ముందు తమ మంచం కింద చూసుకుని, ఆ తర్వాతే బోనెట్ ఎత్తుతారు. వంతెన దగ్గర షెడ్డున్న ఎలాదియో పెళ్లాం అయితే మొగుడి మంచం కింద ఒక బేసిను ఏడాది పొడుగునా ఉంచేస్తుంది. ఆమెని చూసి ఎవరూ నవ్వరు. ఎలాదియోని చూసి నవ్వుతారు.

డెల్ఫీనా మొగుడు మెలితోన్‌ని చూసి మాత్రం ఎవరూ ఎన్నడూ నవ్వలేదు. నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు, తన మంచం కింద ఒక్క చుక్క పడలేదు. ఆ మాట రోజుకోసారైనా అన్నం దగ్గర అంటాడు. ఇప్పుడు చేస్తున్నది వాళ్ల నాన్న కారు, అరవై ఒకటో సంవత్సరపు ఇంపాలా. మూడేళ్లు పట్టింది. చెర్రీ పండు రంగు వేశాడు, నేలకి జానెడెత్తున పాకేలా దించాడు, సీట్లకి ముదురు ఎరుపు మఖమల్ డెల్ఫీనాయే కుట్టింది. ఈస్టరు నాడు గుడి ముందు కార్లన్నీ వరసకట్టి నిలబడితే ఫాదర్ వచ్చి పవిత్ర జలం చల్లుతారు. ఈసారి మొదటి కారు మెలితోన్‌దే. గుడి ముందు కొత్తగా రాళ్లు పరిచారు, వాటి మీద చుక్క ఆయిల్ పడ్డా ఊరుకునేది లేదని ఫాదర్ ముందే చెప్పేశారు.

ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు గుర్రంలా ఉంది. పావుగంటకి వెనక నుంచి కారడం మొదలుపెట్టింది.

ఇంజన్ వెనక ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు వేసింది ఒనోఫ్రే. డెల్ఫీనా ఒక్కగానొక్క తమ్ముడు, నలభై ఆరేళ్లవాడు. మత్తుమందు కేసులో ఆరేళ్లు జైల్లో ఉండి కిందటి శరదృతువులో పెరోల్ మీద వచ్చాడు. బయట ఉండాలంటే కాగితంలో రెండు షరతులు ఉన్నాయి. ఒక పని ఉండాలి, పడుకోవడానికి రాసిచ్చిన చోటు ఉండాలి. ఆ రెండూ మెలితోన్ షెడ్డే. ఇంట్లోకి రానివ్వనని మెలితోన్ మొదటిరోజే చెప్పాడు కాబట్టి షెడ్డులో ఇంపాలా పక్కనే ఒక మడత మంచం వేసుకున్నాడు. పెరోల్ కాగితంలో పని అన్నచోట మెలితోన్ ‘ఊడ్చడం, సాయం’ అని రాయించాడు.

మెలితోన్ ఇంజన్‌ని కిరసనాయిల్‌తో కడిగి ఆరబెట్టి, పాదాలకి చల్లుకునే తెల్ల పౌడరు దట్టంగా చల్లాడు. మళ్లీ స్టార్ట్ చేసి టార్చి పట్టుకుని కిందికి దూరాడు. ముందంతా పిండిలా తెల్లగానే ఉంది. పక్కలు తెల్లగానే ఉన్నాయి. వెనక సీలు దగ్గర మాత్రం కాటుక కారినట్టు ఒక చార. ఇంజన్ దించారు, సీలు మార్చారు, ఎక్కించారు. మళ్లీ కారింది. రెండోసారి దించారు. మూడోసారి దించారు. ఒక్కోసారికి మూడు రోజులు పట్టేది. మూడోసారి బావమరిది పక్కనే మెలితోన్ స్టూలు వేసుకుని కూర్చుని ప్రతి వేలు కదలికా చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా కారింది.

అప్పటికే డెల్ఫీనా పొద్దున పొద్దున తుడుస్తోంది. ఆ మంచం మీద పడుకునేది ఇద్దరు. అందులో ఇంజన్ ముట్టుకునేది ఒక్కడు. కాబట్టి తప్పు మొగుడిదే అనుకుంది. చెప్పాలని రోజూ అనుకునేది. నలభై ఏళ్ల మాట ఒక్క పొద్దుటితో పోతుందే అని నోరు పెగిలేది కాదు. మామూలుగానే ఆమె మాట తక్కువ. గుడిలో పాడేటప్పుడు కూడా పెదవులు కదిలిస్తుందే కానీ గొంతు బయటికి రాదు. ఈసారి ఇంజన్ దించితే తన తప్పు తనకే దొరుకుతుందిలే, ఎవరూ చెప్పక్కర్లేదు అనుకుని తుడిచింది. అలా తుడవబట్టే, నిందంతా వెళ్లి తమ్ముడి నెత్తిన కూర్చుంది.

“నా మంచం కింద అద్దంలా ఉంది,” అన్నాడు మెలితోన్ ఒకరోజు షెడ్డులో. “నీ మంచం కింద చూసుకోరా.”

ఒనోఫ్రే వంగి చూశాడు. ఇంపాలా పక్కనే వేసిన మంచం, కింద నేలంతా ఆయిలే. “ఇందులో కారుది ఏదో, నాది ఏదో ఎలా చెప్పను బావా?” అన్నాడు. ఒక్క రాత్రి వంటింట్లో పడుకుంటాను, తేలిపోతుంది అన్నాడు. కానీ కాగితంలో రాసిన చోటు వదిలి ఇంకోచోట పడుకుంటే మర్నాడే తీసుకుపోతారు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

మెలితోన్ పెరోల్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఈస్టరు ముందు బుధవారం ఆఫీసరు వస్తారని, ఆ రోజు తన మాట చెప్పేస్తానని అన్నాడు. ఇక్కడ పని లేదంటే వారంలోపు ఇంకోచోట చూసుకోవాలి. ఆరేళ్లు జైల్లో ఉన్న మనిషికి, అందులోనూ మెలితోన్ తరిమేసిన మనిషికి, ఆ లోయలో ఎవరు పనిస్తారు?

ఆ మధ్యాహ్నం ఒనోఫ్రే వంటింటి గుమ్మం బయట కూర్చుని ఎర్ర మిరప పులుసులో రొట్టె ముంచుకుంటూ, అక్క వైపు చూడకుండానే మాట్లాడాడు.

“ఆ సీలు ప్రతిసారీ ఒక్కలాగే వేశానక్కా. ఇంతకుముందు నేను చేసిన తప్పు నాకు తెలుసు. ఆరేళ్లు ప్రతిరోజూ తెలుసు. ఈ తప్పేమిటో మాత్రం నాకు తెలియట్లేదు. తెలియకుండా తప్పు చేసేంత చెడిపోయానేమోనని భయంగా ఉంది.”

డెల్ఫీనా రొట్టె ఇంకోటి వేసింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. అలాంటిది ఆమె చేతిలో ఎప్పుడూ జరగదు.

ఎలాగైనా చెప్పేయాలని ఆ రోజే నిర్ణయించుకుంది. ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టలాదివారం అయ్యాక మొగుడు కాస్త మెత్తబడతాడు, అప్పుడు చెప్దాం అనుకుంది. దాని ముందురోజు శనివారం మాత్రం రుఫీనా ఇంటికి వెళ్లక తప్పలేదు. రుఫీనా ఏటి అవతల ఉంటుంది, వరసకి వదిన, కాలు విరిగి కట్టుతో పడుకుని ఉంది. గుడికి పంపాల్సిన మొలకగోధుమ పాయసం కలియబెట్టే దిక్కులేదు. డెల్ఫీనా వెళ్లి రెండు పెద్ద కుండలు దించి, ఆ రాత్రికి అక్కడే పడుకుంది.

పొద్దున రుఫీనా చంకలో కర్రతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

“వదినా, మా గదిలో నేలకి లినోలియం వేయించి పది రోజులు కాలేదు,” అంది. “నువ్వు ఎప్పట్నుంచి మెకానిక్కువయ్యావో ముందే చెబితే పాత చాపైనా పరిచేదాన్ని కదా.”

డెల్ఫీనా వంగి చూసింది. తను పడుకున్న మంచం కింద, సరిగ్గా తన నడుము కింద, నల్లటి మడుగు. ఎప్పుడూ ఉన్నంతే.

వంగినచోటే కూర్చుని వేలు ముంచి చూసింది. ఆ మంచం మీద పడుకుంది తనొక్కతే. రుఫీనా వంగలేక వంగి తలమీద చెయ్యి వేసి, పోనీలే, వెనిగర్ వేసి రుద్దితే పోతుందిలే అంది. డెల్ఫీనాకి ఆ మాట చెవిన పడలేదు. కాలువగట్టు వెంట ఇంటికి నడుస్తూ తను ఏం ముట్టుకుందో వెతుక్కుంది. స్పానరు ఒక్కసారైనా అందించలేదు. షెడ్డులోకి కాఫీ పట్టుకెళ్లడం, సీట్ల కొలతలు తీసుకోవడం, ఊడ్చడం, అంతే. మఖమల్ కుట్టడంలో తప్పయితే సీటు చినుగుతుంది కానీ ఇంజన్ ఎందుకు కారుతుంది? సోమవారం తుడుస్తూ ఆలోచించింది. మంగళవారం తుడుస్తూ ఆలోచించింది. ఏ తప్పో చెప్పలేకుండా తప్పు నాదంటే, తమ్ముడి కోసం కట్టిన కథ అంటాడు మొగుడు. ఇంకా మండిపడి ఆ రోజే తరిమేస్తాడు. చెయ్యి కడుక్కున్నకొద్దీ గోళ్లలో నలుపు ఇంకా కనబడేది.

బుధవారం పొద్దున వంటింటి తలుపు తాళం వేద్దామంటే తాళంచెవి దూరలేదు. కందిరీగ తాళం కన్నంలో మట్టి పెట్టింది. ఎండ కాస్త ముదిరితే చాలు, అక్కడ కందిరీగలు కనిపించిన ప్రతి చిల్లులోనూ గూడు కట్టేస్తాయి. డెల్ఫీనా అలవాటు కొద్దీ మట్టి పొడిచి తీసి, మళ్లీ కట్టకుండా ఒక గుడ్డపేలిక చుట్టి కన్నంలో కుక్కింది. కుక్కిన వేలు అక్కడే ఆగిపోయింది.

రెండేళ్ల కిందట మెలితోన్ నడుము పట్టేసి నాలుగు నెలలు మంచం దిగలేదు. వెనక సీలు తప్ప అంతా బిగించిన ఇంజన్ షెడ్డులో స్టాండు మీద దుప్పటి కప్పుకుని ఉంది. వసంతంలో కందిరీగలు వచ్చాయి. అంత కష్టపడి చేసిన ఇంజన్‌లో మట్టి పెడతాయేమోనని, సీట్లకి కుట్టగా మిగిలిన మఖమల్ ముక్కలు తెచ్చి కనిపించిన ప్రతి కన్నంలోనూ ఆమే కుక్కింది. కందిరీగలు లాగేయకుండా చెక్కగరిటె కాడతో లోపలికంటా పొడిచింది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మొగుడు లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు గబగబా అన్నీ లాగేసింది. అన్నీ అనుకుంది.

మెలితోన్ ఆఫీసరు వస్తున్నాడని గడ్డం గీసుకుంటున్నాడు. ఒనోఫ్రే కాలువ దగ్గర చొక్కా ఉతుక్కుంటున్నాడు. డెల్ఫీనా షెడ్డులోకి వెళ్లి, జన్మలో మొదటిసారి బోనెట్ తనే ఎత్తింది. ఇంజన్ వెనక, కారు గోడకీ ఇంజన్‌కీ మధ్య సందులో, కిందికి వంగిన గొట్టం ఒకటి ఉంది. మగవాళ్ల చెయ్యి అందులో పట్టదు. ఆమె సన్నటి చెయ్యి భుజం దాకా దూర్చింది. గొట్టం మూతిలో వేలు పెట్టి పైకి పొడిస్తే, ఆయిల్‌లో నాని జారుతున్నా, ఏ వైపు నిమిరితే మెత్తగా ఉంటుందో, ఏ వైపు గరుకుగా ఉంటుందో ఆ వేలికి బాగా తెలిసిన గుడ్డ తగిలింది.

లాగేస్తే అయిపోతుంది. రెండు వేళ్ల మధ్య పట్టు దొరికింది కూడా. ఇవాళ్టి నుంచి కారడం ఆగిపోతుంది, తను తుడవక్కర్లేదు, ఏం జరిగిందో నరమానవుడికి తెలియదు. కానీ ఇంకో గంటలో ఆఫీసరు వస్తాడు. కారడం ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియకపోతే, కారినన్నాళ్లూ తప్పు ఒనోఫ్రేదే అయి ఉండిపోతుంది. డెల్ఫీనా వేళ్లు వదిలేసి, గుడ్డని ఉన్నచోటే ఉంచి చెయ్యి బయటికి తీసుకుంది.

పెరోల్ ఆఫీసరు ట్రుహీయో కూడా ఆ లోయవాడే. వచ్చి టోపీ తీసి, టార్చి వేసి ఒనోఫ్రే మంచం కింద చూసి, ‘నిర్ధారణ కాలేదు’ అని రాసుకున్నాడు. పద్ధతి ప్రకారం లోపలికి వెళ్లి మెలితోన్ దంపతుల మంచం కింద కూడా చూసి, పొడిగా ఉంది అని రాసుకున్నాడు. షెడ్డు ముందుకొచ్చి, ఏమంటారు మెలితోన్ గారూ అని అడిగాడు.

“వాడికి ఇక్కడ పని లేదు,” అన్నాడు మెలితోన్.

ఒనోఫ్రే తల దించుకుని ఉన్నాడు. తడిచొక్కా నుంచి నీళ్లు కారుతున్నాయి.

డెల్ఫీనా పిండి డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. ముగ్గురు మగవాళ్ల మధ్య నిలబడి డబ్బా బోర్లించింది. నల్లటి పీలికలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గొంతు మొదట రాలేదు. రెండోసారికి వచ్చింది.

“ఆ ఆయిల్ నాది,” అంది.

మెలితోన్ ముందు ఆఫీసరు మొహం చూసి, తర్వాత పెళ్లాం మొహం చూసి, నీకేం తెలుసు, లోపలికి పో అన్నాడు. ఆమె వెళ్లలేదు. రుఫీనా లినోలియం సంగతి చెప్పింది. కందిరీగల సంగతి చెప్పింది. ఇన్నాళ్లూ మొగుడి తప్పనుకుని తుడిచానని చెప్పేటప్పుడు మాత్రం చూపు నేల మీదికి వాలిపోయింది. చెయ్యి పెట్టి చూడండి, ఇంకా అక్కడే ఉంది అంది. మెలితోన్ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఆఫీసరు చెయ్యి అంత కూడా వెళ్లలేదు. ఒనోఫ్రే పొడుగు ముక్కు కటింగ్ ప్లేయరు తెచ్చి, కారు కిందికి దూరి, కింద నుంచి లాగాడు. జానెడు మఖమల్ ముక్క బయటికి వచ్చింది. దాని వెనకే ఇంజన్ లోంచి ఒక నిట్టూర్పు. పైన నిలబడ్డ ముగ్గురికీ వెచ్చగా కాళ్లకి తగిలింది.

“ఇది ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం,” అన్నాడు ఒనోఫ్రే కింద నుంచే. “లోపల గాలి పోయేదారి లేక సీలు నుంచి తన్నుకొచ్చింది. పైన ఆయిల్ పోసే మూతకైనా చిల్లులుంటే ఇంతదాకా వచ్చేది కాదు. పాత మూతకి ఉండేవి. ఈ క్రోమ్ మూతకి లేవు.”

నింద వెయ్యాలని అన్నది కాదు. చూసింది చూసినట్టు చెప్పాడు. కానీ ఆ క్రోమ్ మూత అందం కోసం ఆల్బుకర్కీ వెళ్లి మరీ తెచ్చి బిగించింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. మెలితోన్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితం సంగతి రేపు చూద్దాం అని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆఫీసరు టోపీ పెట్టుకుని, రేపు పదింటికి వస్తాను, పని ఉందా లేదా, ఉంటే ఏం పని, రాసి సంతకం పెట్టి ఉంచమనండమ్మా అని కాగితం డెల్ఫీనా చేతిలో పెట్టాడు.

సాయంత్రం మెలితోన్ ఇంజన్ అరగంట నడిపి, కింద పరిచిన తెల్ల కాగితం బయటికి లాగి చూశాడు. మచ్చ లేదు. ఆ కాగితం చూసి కూడా పెన్ను ముట్టుకోలేదు. డెల్ఫీనాకి అర్థమైంది, తను సరిచేశాననుకున్నది ఇంకా చెడిపోయిందని. పైవాళ్ల ముందు మొగుణ్ణి చిన్నబుచ్చింది, ఆ కోపం తమ్ముడి మీదే తీరుతుంది. షెడ్డులోకి అన్నం పట్టుకెళ్తే ఒనోఫ్రే తనకున్న రెండు చొక్కాలూ మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. నువ్వు చెప్పావు, నాకదే చాలక్కా అన్నాడు. ఆమెకి అది చాలలేదు.

పవిత్ర గురువారం పొద్దున కళ్లు తెరిచి, అలవాటు చొప్పున మోకాళ్ల మీద వంగింది. తన వైపు గచ్చు పొడిగా ఉంది. అరచేత్తో మళ్లీ తడిమింది. పొడిగానే ఉంది. ఇంకాస్త వంగితే మెలితోన్ పడుకునే వైపు, గోడవారగా, నిమ్మకాయంత మచ్చ కనిపించింది. మంచం కింద ఇన్నాళ్లూ తను తుడిచిన మడుగులో ఇదీ కలిసిపోయి ఉండేదన్నమాట. చేతిలో పీలిక ఉంది. చెయ్యి చాపింది.

“ఉండనీ,” అన్నాడు మెలితోన్. గురక ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. పక్కకి తిరిగి పడుకుని, ఆమెనే చూస్తున్నాడు.

అతను లేచి, ఉత్త కాళ్లతో వాకిట్లోకి వెళ్లి ఒనోఫ్రేని పిలిచాడు. పడగ్గది గుమ్మం దాకా వచ్చి ఒనోఫ్రే ఆగాడు. ఆ ఇంట్లో వంటింటి గుమ్మం దాటి అతను లోపలికి వచ్చింది లేదు.

“లోపలికి రా. వంగి చూడు.”

ఒనోఫ్రే వచ్చి వంగి చూశాడు.

“శనివారం రాత్రి మీ అక్క రుఫీనా ఇంట్లో పడుకుంది,” అన్నాడు మెలితోన్. “ఆదివారం పొద్దున ఈ మంచం కింద ఇంతే మచ్చ ఉంది. నేనొక్కణ్ణే ఉన్నాను. నేనే తుడిచాను. తుడిచి, ఆఫీసరుకి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ కూర్చున్నాను.”

డెల్ఫీనా చేతిలో పీలిక నలిగిపోతోంది. ఒనోఫ్రే మోకాళ్ల మీదే వంగి ఆ మచ్చని వేలితో తాకి చూశాడు. ఆ వెన్ను చూస్తూ, ఇప్పుడు లేచి ఏమంటాడో, ఏమన్నా తను అడ్డుపడకూడదు అనుకుంది డెల్ఫీనా. అతను లేచి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“పాత మూత ఎక్కడ పెట్టావు బావా?”

“పారేశాను.”

“మరి?”

“క్రోమ్ మూతకే చిల్లులు పెట్టు.”

“పాడవుతుంది.”

“పెట్టమన్నానుగా.”

ఒనోఫ్రే షెడ్డుకి వెళ్లాడు. మెలితోన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితం ముందుకు లాక్కున్నాడు. ఉంది అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఏం పని అన్నచోట పెన్ను కాసేపు గాలిలో ఆగింది, తర్వాత పెద్ద పెద్ద అక్షరాలతో ‘మెకానిక్’ అని రాశాడు. ఇంకో గీత కింద పడుకునే చోటు అని ఉంది. అక్కడ రాసిన షెడ్డు మాట కొట్టేసి, ఇల్లు అని రాశాడు. సంతకం పెడుతుండగా షెడ్డులో డ్రిల్లు క్రోమ్ మీద మొదటి కేక వేసింది. మెలితోన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆపమనలేదు.